ఆహారంలో ఖనిజాల నిర్ధారణ

ఆహార పదార్థాలలో కాల్షియం, భాస్వరం, సోడియం, ఇనుము, జింకు, అయోడిన్ వంటి ఖనిజ మూలకాలు ఏ పరిమాణంలో ఉన్నాయో ప్రయోగశాలలో కొలిచి తేల్చడాన్ని ఆహారంలో ఖనిజాల నిర్ధారణ అంటారు. ఇది ఆహార రసాయన శాస్త్రంలో ఒక ముఖ్యమైన భాగం. పోషకాహార పట్టికలు తయారుచేయడానికి, డబ్బాల మీద ముద్రించిన వివరాలు నిజమో కాదో చూడడానికి, ఆహారంలో చేరిన సీసం, ఆర్సెనిక్ వంటి విష మూలకాలను కనిపెట్టడానికి ఈ కొలతలే ఆధారం.

తల్లిపాలకు బదులుగా పసిపిల్లలకు పట్టే పాలపొడి (వాడుకలో డబ్బాపాలు) విషయంలో ఈ నిర్ధారణకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. పెద్దవారు అన్నం, పప్పు, కూరలు, పాలు, పండ్లు అన్నీ తింటారు కాబట్టి ఒకదానిలో లోపించినది మరొకదానిలో దొరుకుతుంది. తొలి నెలలలో కేవలం డబ్బాపాల మీదనే పెరిగే శిశువుకు ఆ అవకాశం లేదు. పొడిలో ఒక్క మూలకం తగ్గినా, పెరిగినా ఆ ప్రభావం ప్రతి పూటా శిశువు మీద పడుతుంది. రంగు, రుచి, వాసనలను బట్టి ఈ తేడాను గుర్తించడం సాధ్యం కాదు. కొలిచి చూడడం ఒక్కటే మార్గం.

ఆహారంలోని ఖనిజాలు

ఆహారాన్ని పూర్తిగా కాల్చినపుడు పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు వాయువులుగా మారిపోగా చివరకు బూడిద మిగులుతుంది. ఖనిజాలలో అధికభాగం ఈ బూడిదలోనే ఉంటాయి. 100 గ్రాముల తల్లిపాలను కాలిస్తే సుమారు 0.2 గ్రాములు, ఆవుపాలను కాలిస్తే సుమారు 0.7 గ్రాముల బూడిద మిగులుతుంది.

శరీరానికి ఎక్కువ మోతాదులో అవసరమైన కాల్షియం, భాస్వరం, సోడియం, పొటాషియం, క్లోరైడు, మెగ్నీషియంలను స్థూల ఖనిజాలని, తక్కువ మోతాదులో అవసరమైన ఇనుము, జింకు, రాగి, మాంగనీసు, అయోడిన్, సెలీనియం వంటివాటిని సూక్ష్మ ఖనిజాలని అంటారు. ఒకే డబ్బా పాలపొడిలో 100 గ్రాములకు వందల మిల్లీగ్రాముల కాల్షియం, దాని పక్కనే కొద్ది మైక్రోగ్రాముల సెలీనియం ఉంటాయి. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతు. పరిమాణాలలో ఇంత అంతరం ఉండడం వలన అన్ని మూలకాలనూ ఒకే పద్ధతిలో కొలవడం కష్టం.

తల్లిపాలు, ఆవుపాలు, డబ్బాపాలు

100 మి.లీ. తల్లిపాలలో సుమారు 30 మి.గ్రా. కాల్షియం, 15 మి.గ్రా. భాస్వరం, 15 మి.గ్రా. సోడియం ఉంటాయి. అదే పరిమాణం ఆవుపాలలో సుమారు 120 మి.గ్రా. కాల్షియం, 95 మి.గ్రా. భాస్వరం, 45 మి.గ్రా. సోడియం ఉంటాయి. శైశవంలో మూత్రపిండాలు పూర్తిగా ఎదిగి ఉండవు. అందువలన ఎక్కువైన లవణాలను బయటకు పంపడం శిశువుకు కష్టమవుతుంది. భాస్వరం మితిమీరితే రక్తంలో కాల్షియం తగ్గి, అప్పుడే పుట్టిన శిశువులకు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉన్నది.

ఈ కారణంగా పాలపొడి తయారీలో ఆవుపాలను ఉన్నవి ఉన్నట్లుగా వాడరు. పాలవిరుగుడు తేటలోని లవణాలను చాలావరకు తొలగించి, ఆ తరువాత కావలసిన ఖనిజాలను లెక్క ప్రకారం తిరిగి కలుపుతారు. సోయా చిక్కుడు నుండి తీసిన మాంసకృత్తులతో చేసే పాలపొడికి కూడా కాల్షియం, ఉప్పు, ఇనుము, అయోడిన్ వంటివాటిని బయటినుండి చేర్చవలసి ఉంటుంది. కలపడం మరచిపోయిన ఖనిజం ఆ పొడిలో దాదాపుగా లేనట్లే.

రెండు దుర్ఘటనలు

1955లో జపాన్ పశ్చిమ ప్రాంతంలో మొరినాగ సంస్థ పాలపొడి తాగిన శిశువులు జ్వరం, విరేచనాలు, చర్మం నల్లబడడం వంటి లక్షణాలతో జబ్బుపడ్డారు. పొడిలో స్థిరత్వం కోసం వాడిన సోడియం ఫాస్ఫేటులో ఆర్సెనిక్ కలిసి ఉండడమే దీనికి కారణమని తేలినది. ఆ ఫాస్ఫేటు ఆహారంలో వాడదగిన శుద్ధత కలది కాదు. వందకు పైగా శిశువులు మరణించారు. పన్నెండు వేలకు పైగా శిశువులు విషప్రభావానికి గురయ్యారు. కలిపే ముందు ముడిపదార్థాన్ని పరీక్షించి ఉంటే ఈ విషం బయటపడి ఉండేది.

రెండవది అమెరికాలో జరిగినది. సింటెక్స్ సంస్థ 1978లో తన సోయా పాలపొడులైన నియో-మల్-సోయ్, చో-ఫ్రీలలో ఉప్పు కలపడం మానివేసినది. ఉప్పుతోపాటు శిశువుకు అత్యవసరమైన క్లోరైడు కూడా తగ్గిపోయినది. 1979లో ఈ పాలు తాగే శిశువులలో ఆకలి మందగించడం, బరువు పెరగకపోవడం, రక్తంలో క్లోరైడు, పొటాషియం తగ్గి క్షారగుణం పెరగడం వంటి లక్షణాలను వైద్యులు గుర్తించారు. అనేకమంది శిశువులకు ఒకే రకమైన జబ్బు, వారందరికీ ఒకే ఆహారం కావడంతో కారణం తెలిసినది. అంటే లోపాన్ని ముందుగా పట్టుకున్నది కర్మాగారంలోని ప్రయోగశాల కాదు, ఆసుపత్రులలోని రక్తపరీక్షలు.

ఈ సంఘటన ఫలితంగా 1980లో అమెరికాలో శిశు ఆహార చట్టం వచ్చినది. పాలపొడిలో ఉండవలసిన పోషకాలకు కనీస పరిమాణాలు చట్టబద్ధమైనాయి. 1986 సవరణతో తయారైన ప్రతి విడతనూ అమ్మకానికి ముందే పరీక్షించడం తప్పనిసరి అయినది.

ప్రమాణాలు

ఐక్యరాజ్య సమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నిర్వహించే కోడెక్స్ సంఘం 1981లో శిశు పాలపొడికి అంతర్జాతీయ ప్రమాణాన్ని ప్రకటించి, 2007లో దానిని సవరించినది. ఇందులో పరిమాణాలను పొడి బరువును బట్టి కాక, శిశువుకు లభించే శక్తిని బట్టి, అంటే 100 కిలో కేలరీలకు ఇంత అని చెబుతారు. వాటిలో కొన్ని:

* కాల్షియం - కనీసం 50 మి.గ్రా., మార్గదర్శక గరిష్ఠ స్థాయి 140 మి.గ్రా.
* భాస్వరం - కనీసం 25 మి.గ్రా., మార్గదర్శక గరిష్ఠ స్థాయి 100 మి.గ్రా.
* సోడియం - 20 నుండి 60 మి.గ్రా.
* పొటాషియం - 60 నుండి 180 మి.గ్రా.
* క్లోరైడు - 50 నుండి 160 మి.గ్రా.
* ఇనుము - కనీసం 0.45 మి.గ్రా.
* జింకు - కనీసం 0.5 మి.గ్రా., మార్గదర్శక గరిష్ఠ స్థాయి 1.5 మి.గ్రా.
* అయోడిన్ - కనీసం 10 మైక్రోగ్రాములు, మార్గదర్శక గరిష్ఠ స్థాయి 60 మైక్రోగ్రాములు
* సెలీనియం - కనీసం 1 మైక్రోగ్రాము, మార్గదర్శక గరిష్ఠ స్థాయి 9 మైక్రోగ్రాములు

కాల్షియం, భాస్వరాల నిష్పత్తి 1కి తగ్గకుండా, 2కి మించకుండా ఉండాలి. కాబట్టి ఈ రెండింటిలో ఒకదానిని కొలిస్తే సరిపోదు. తాగడానికి సిద్ధంగా కలిపిన పాలలో సీసం కిలోకు 0.01 మి.గ్రా.కు మించరాదు.

భారతదేశంలో 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం (సవరణ 2003) డబ్బాపాల ప్రచారాన్ని, అమ్మకాన్ని నియంత్రిస్తుంది. తల్లిపాలే శ్రేష్ఠమన్న సూచన డబ్బామీద ఉండాలని ఈ చట్టం నిర్దేశిస్తుంది. పొడిలోని పోషకాల ప్రమాణాలను భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లో వెలువరించిన శిశు పోషణ ఆహారాల నిబంధనలు నిర్ణయిస్తాయి.

నమూనా తయారీ

కొలతలో మొదటి మెట్టు నమూనా తీయడం. పాలపొడిలో కలిపే సూక్ష్మ ఖనిజాల మిశ్రమం చాలా కొద్దిగా ఉంటుంది. అది సమంగా కలవకపోతే డబ్బా పైభాగంలో ఒక అంకె, అడుగుభాగంలో మరొక అంకె వస్తుంది. అందువలన పొడినంతటినీ బాగా కలియబెట్టి, అందులోనుండి కొద్ది భాగం తూచి తీసుకుంటారు. ఆకుకూరలు, ధాన్యాల విషయంలో అంటుకొని ఉన్న మట్టిని అయాన్లు తొలగించిన నీటితో కడుగుతారు. ఇనుమును కొలవవలసిన నమూనాను ఇనుప రోలులో దంచితే ఆ రోలులోని ఇనుము కూడా లెక్కలోకి వస్తుంది.

తరువాత సేంద్రియ పదార్థాన్ని తొలగించి ఖనిజాలను ద్రావణంలోకి తేవాలి. దీనికి రెండు మార్గాలున్నాయి.

మొదటిది పొడిగా కాల్చడం. నమూనాను మూసలో ఉంచి, విద్యుత్ కొలిమిలో 525 నుండి 550 డిగ్రీల సెల్సియస్ వద్ద నల్లని బొగ్గు పోయి తెల్లని బూడిద మిగిలేవరకు కాలుస్తారు. ఆ బూడిదను ఆమ్లంలో కరిగిస్తారు. ఇది చవకైన పద్ధతి. కాని ఆర్సెనిక్, సెలీనియం, అయోడిన్, పాదరసం వంటివి వేడికి ఆవిరై పోతాయి గనుక వాటికి ఇది పనికిరాదు.

రెండవది ఆమ్లంతో జీర్ణించడం. నమూనాను గాఢ నత్రికామ్లంతో, అవసరమైతే హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిపి వేడిచేస్తారు. నేటి ప్రయోగశాలలలో గట్టిగా మూతపెట్టిన టెఫ్లాన్ పాత్రలలో ఉంచి మైక్రోవేవ్ పొయ్యిలో సుమారు 200 డిగ్రీల వరకు వేడిచేస్తారు. పాత్ర మూసి ఉండడం వలన ఆవిరయ్యే మూలకాలు కూడా నిలుస్తాయి. సాధారణంగా గంటలోపే నమూనా తేటనీరుగా మారుతుంది.

రసాయన పద్ధతులు

యంత్రాలు రాకముందు ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క రసాయన చర్యను ఉపయోగించేవారు. కాల్షియంను ఆక్సలేటుగా అవక్షేపించి, ఆ అవక్షేపాన్ని కరిగించి పొటాషియం పర్మాంగనేటుతో అంశమాపనం చేసేవారు. క్లోరైడును సిల్వర్ నైట్రేటుతో అంశమాపనం చేసే పద్ధతిని కార్ల్ ఫ్రెడరిక్ మోర్ 1856లో ప్రవేశపెట్టాడు. ఇనుమును ఆర్థోఫినాంత్రొలిన్‌తో కలిపినపుడు ఏర్పడే నారింజ ఎరుపు రంగు గాఢతను బట్టి కొలుస్తారు.

భాస్వరం కొలతలో ప్రసిద్ధిచెందిన పద్ధతికి ఒక తెలుగు శాస్త్రవేత్త పేరు ఉన్నది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఈ పద్ధతిని ప్రచురించాడు. ఇందులో ఫాస్ఫేటు ఆమ్ల ద్రావణంలో మోలిబ్డేటుతో కలుస్తుంది. దానిని క్షయకరణం చేసినపుడు నీలిరంగు ఏర్పడుతుంది. నీలిరంగు ఎంత గాఢంగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని పిలువబడే ఈ విధానం రక్తం, మూత్రంలోని భాస్వరాన్ని కొలవడానికి రూపొందినా, ఆ తరువాత అనేక జీవ పదార్థాల పరీక్షలలో వ్యాప్తిలోకి వచ్చినది.

వర్ణపట పద్ధతులు

ఉప్పు నీటి చుక్క పొయ్యిమీద పడితే మంట పసుపు రంగుకు మారుతుంది. ఆ పసుపు సోడియంది. ప్రతి మూలకానికీ తనదైన కాంతిరేఖలు ఉంటాయని జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో రాబర్ట్ బున్సెన్, గుస్తావ్ కిర్కాఫ్ 1860లో నిరూపించారు. వర్ణపట పద్ధతులన్నిటికీ ఇదే పునాది.

పరమాణు శోషణ పద్ధతి: ఆస్ట్రేలియా శాస్త్రవేత్త అలన్ వాల్ష్ 1955లో దీనిని ప్రచురించాడు. ద్రావణాన్ని సన్నని తుంపరగా జ్వాలలోకి పంపుతారు. కొలవదలచిన మూలకంతోనే చేసిన దీపం నుండి వచ్చే కాంతిని ఆ జ్వాల గుండా పంపినపుడు, అందులోని అదే మూలకపు పరమాణువులు కొంత కాంతిని పీల్చుకుంటాయి. ఎంత కాంతి తగ్గినదో చూసి పరిమాణాన్ని లెక్కిస్తారు. కాల్షియంకు 422.7 నానోమీటర్లు, జింకుకు 213.9 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వాడుతారు. పాలలో ఎక్కువగా ఉండే ఫాస్ఫేటు, జ్వాలలో కాల్షియంను పట్టి ఉంచి కొలతను తగ్గించి చూపుతుంది. దీనిని నివారించడానికి ద్రావణంలో లాంథనం లవణాన్ని కలుపుతారు. లాంథనం ఫాస్ఫేటును పట్టుకొని కాల్షియంను విడిచిపెడుతుంది.

ప్లాస్మా ఉద్గార పద్ధతి (ఐ.సి.పి.): ఆర్గాన్ వాయువును రేడియో తరంగాలతో 6,000 నుండి 10,000 కెల్విన్ల వరకు వేడెక్కించి ప్లాస్మాగా మారుస్తారు. ఆ వేడిలో మూలకాలన్నీ ఒకేసారి తమ తమ కాంతిని వెలువరిస్తాయి. 1960వ దశకం మధ్యలో ఇంగ్లండులో స్టాన్లీ గ్రీన్‌ఫీల్డ్, అమెరికాలో వెల్మర్ ఫాసెల్ విడివిడిగా దీనిని అభివృద్ధి చేశారు. శిశు పాలపొడిలో కాల్షియం, రాగి, ఇనుము, మెగ్నీషియం, మాంగనీసు, భాస్వరం, పొటాషియం, సోడియం, జింకు అనే తొమ్మిదింటిని ఈ విధంగా కొలిచే పద్ధతిని అమెరికాలోని విశ్లేషణ రసాయనజ్ఞుల సంఘం ఏ.ఓ.ఏ.సి. 984.27 సంఖ్యతో అధికారిక పద్ధతుల జాబితాలో చేర్చినది.

ప్లాస్మా ద్రవ్యరాశి పద్ధతి (ఐ.సి.పి.-ఎం.ఎస్.): ప్లాస్మాలో ఏర్పడిన అయాన్లను వాటి ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి లెక్కిస్తారు. 1980లో వెలువడిన పరిశోధనా పత్రంతో మొదలైన ఈ విధానం సెలీనియం, క్రోమియం, సీసం వంటి అత్యల్ప పరిమాణాలను కూడా కొలవగలదు. అయితే ఇందులో పొరపాటుకు తావున్నది. ప్లాస్మాలోని ఆర్గాన్ (40), నమూనాలోని క్లోరిన్ (35) కలిసి 75 ద్రవ్యరాశిగల అయాన్‌గా ఏర్పడతాయి. ఆర్సెనిక్ ద్రవ్యరాశి కూడా 75. ఉప్పు ఉన్న ఆహారంలో లేని ఆర్సెనిక్ ఉన్నట్లు కనబడవచ్చు. హీలియం వాయువు నింపిన చిన్న గది గుండా అయాన్లను పంపి, ఇటువంటి జంట అయాన్లను అడ్డుకుంటారు.

ప్రత్యేక పద్ధతులు

పైన చెప్పిన యంత్రాలు లోహాలను చక్కగా కొలిచినా క్లోరైడుకు అంతగా అనుకూలం కావు. 1979లో అమెరికా శిశువులకు లోపించినది ఈ క్లోరైడే. దీనికి నేటికీ సిల్వర్ నైట్రేటు అంశమాపనమే వాడుకలో ఉన్నది. అయితే చర్య ముగిసిన క్షణాన్ని రంగును బట్టి కాక విద్యుత్ పొటెన్షియల్ మార్పును బట్టి గుర్తిస్తారు. సోడియం సరిగా ఉన్నది కాబట్టి క్లోరైడు కూడా ఉంటుందని ఊహించరాదు. సోడియం ఉప్పు రూపంలో కాక సిట్రేటు వంటి మరొక లవణం రూపంలో చేరి ఉండవచ్చు.

అయోడిన్ ఆమ్లంలో ఆవిరయ్యే గుణం కలది. కాబట్టి నమూనాను క్షార ద్రావణంతో వేడిచేసి ప్లాస్మా ద్రవ్యరాశి పద్ధతిలో కొలుస్తారు. ఫ్లోరైడును ప్రత్యేకమైన ఎలక్ట్రోడుతో కొలుస్తారు. నల్గొండ జిల్లా వంటి ఫ్లోరైడు పీడిత ప్రాంతాలలో ఇది ముఖ్యం. ఎందుకంటే పాలపొడిలో ఏమున్నదన్నది ఒక సగం, దానిని కలిపే నీటిలో ఏమున్నదన్నది రెండవ సగం. తాగునీటిలో లీటరుకు 1 మి.గ్రా. ఫ్లోరైడు అంగీకార పరిమితి. మరొక నీరు దొరకనపుడు 1.5 మి.గ్రా. వరకు అనుమతిస్తారు.

ఒక ఉదాహరణ

0.5 గ్రా. పాలపొడిని ఆమ్లంతో జీర్ణించి, ద్రావణాన్ని 50 మి.లీ.కు చేర్చారనుకుందాం. యంత్రం ఆ ద్రావణంలో లీటరుకు 42 మి.గ్రా. కాల్షియం ఉన్నట్లు చూపినది.

* 50 మి.లీ.లో ఉన్న కాల్షియం = 42 × 0.05 = 2.1 మి.గ్రా.
* ఇది 0.5 గ్రా. పొడి నుండి వచ్చినది. కాబట్టి 100 గ్రా. పొడిలో 420 మి.గ్రా.
* 100 గ్రా. పొడి 500 కిలో కేలరీల శక్తి ఇస్తే, 100 కిలో కేలరీలకు 84 మి.గ్రా.

ఈ ఫలితం 50 నుండి 140 మధ్య ఉన్నది గనుక కోడెక్స్ ప్రమాణానికి లోబడి ఉన్నది. నమూనా తూచడంలో 0.5 గ్రాములకు బదులు 0.4 గ్రాములు పడితే, అసలు విలువ 525 మి.గ్రా. కాగా లెక్కలో 420 అని వస్తుంది. ఖరీదైన యంత్రం కూడా ఈ తప్పును సరిదిద్దలేదు.

ఫలితాల విశ్వసనీయత

ప్రతి పరీక్షలో నమూనా లేకుండా కేవలం ఆమ్లంతో అన్ని దశలూ నడిపిన ఖాళీ ద్రావణాన్ని కూడా కొలుస్తారు. ఆమ్లం నుండి, గాజు పాత్రల నుండి, గాలిలోని దుమ్ము నుండి వచ్చే మూలకాలు దీనివలన తెలుస్తాయి. అలాగే మూలకాల పరిమాణం ముందే ధ్రువీకరించబడిన ప్రామాణిక పదార్థాన్ని నమూనాలతోపాటు పరీక్షిస్తారు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ శిశు పాలపొడినే ఇటువంటి పదార్థంగా తయారుచేసి ప్రయోగశాలలకు అందిస్తున్నది.

ఒకే నమూనాను వేర్వేరు ప్రయోగశాలలకు పంపితే ఫలితాలు కొంత తేడాగా వస్తాయి. పరిమాణం తగ్గేకొద్దీ ఈ తేడా పెరుగుతుందని విలియం హార్విట్జ్ 1980లో చూపించాడు. ఆయన సూత్రం ప్రకారం 100కు 1 వంతు ఉన్న పదార్థంలో ప్రయోగశాలల మధ్య తేడా సుమారు 4 శాతం, కిలోకు 1 మి.గ్రా. ఉన్న పదార్థంలో సుమారు 16 శాతం ఉంటుంది.

ఇతర ఆహారాలు

భారతీయ ఆహారాల ఖనిజ విలువలకు ప్రధాన ఆధారం హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 2017లో ఇది ప్రచురించిన భారతీయ ఆహార సమ్మేళన పట్టికలలో 528 ఆహారాల విలువలు ఉన్నాయి. ఇందులో 100 గ్రా. రాగులలో కాల్షియం 364 మి.గ్రా.గా ఉన్నది. పాత పట్టికలో ఇది 344 మి.గ్రా. నేల, విత్తనం, పంటకాలం, కొలిచే పద్ధతి మారినపుడు విలువ మారడం సహజం.

ఉప్పులోని అయోడిన్‌ను సోడియం థయోసల్ఫేటుతో, గంజి సూచికగా, అంశమాపనం చేసి కొలుస్తారు. దుకాణంలో అమ్మే ఉప్పులో కిలోకు కనీసం 15 మి.గ్రా. అయోడిన్ ఉండాలి.

బలవర్ధక బియ్యంలో కిలోకు 28 నుండి 42.5 మి.గ్రా. ఇనుము ఉండాలి. సాధారణంగా నూరు బియ్యపు గింజలకు ఒక గింజ చొప్పున ఇనుము చేర్చిన గింజలను కలుపుతారు. ఒక గ్రాము బియ్యంలో సుమారు 50 గింజలే ఉంటాయి కాబట్టి, అంత చిన్న నమూనాలో ఇనుప గింజ ఒక్కటీ లేకపోవచ్చు, రెండు ఉండవచ్చు. ఎక్కువ బియ్యాన్ని మెత్తగా పిండిచేసి, కలిపి, అందులోనుండి నమూనా తీయడమే సరైన పద్ధతి.

పరిమితులు

ఈ కొలతలు ఆహారంలో ఎంత ఖనిజం ఉన్నదో చెబుతాయి గాని, శరీరానికి ఎంత పడుతుందో చెప్పవు. తల్లిపాలలో ఇనుము లీటరుకు 1 మి.గ్రా. కంటె తక్కువే అయినా శిశువు దానిని బాగా గ్రహించగలదు. ధాన్యాలలోని ఫైటేటు ఇనుము, జింకులను పట్టి ఉంచడం వలన అవి పూర్తిగా వంటబట్టవు. ఆర్సెనిక్ విషయంలో మొత్తం పరిమాణం కంటె అది ఏ రూపంలో ఉన్నదన్నది ముఖ్యం. అకర్బన ఆర్సెనిక్ ఎక్కువ హానికరం.

డబ్బామీద ముద్రించిన అంకెలు, చెప్పిన కొలత ప్రకారం నీరు కలిపినపుడే శిశువుకు వర్తిస్తాయి. పొదుపు కోసం నీరు ఎక్కువ పోస్తే అన్ని ఖనిజాలూ ఒకేసారి తగ్గుతాయి. పొడి ఎక్కువ వేస్తే లవణాలు పెరిగి శిశువు మూత్రపిండాల మీద భారం పడుతుంది. ప్రయోగశాలలో మొదలైన కొలత ఇంట్లో పాలు కలిపే చెంచాతో పూర్తవుతుంది.

ఇవి కూడా చూడండి

* తల్లిపాలు
* యల్లాప్రగడ సుబ్బారావు
* జాతీయ పోషకాహార సంస్థ
* ఫ్లోరోసిస్
* అంశమాపనం